బండి నోట్లో పసుపునీళ్ళు

వేసవి ముదిరిన దగ్గర్నుంచి తొలకరి దాకా, తిరుపతిలో మేముండే వీధి మొగలో ఒక పాత వ్యాను వచ్చి నిలబడుతుంది. వెనక తొట్టి నిండా మామిడికాయలు పోసుకుని, పక్కన తక్కెడ పెట్టుకుని, ఒక పెద్దమనిషి పొద్దు వాలేదాకా అమ్ముకుంటాడు. నేను ఆయన దగ్గర కాయలు కొనేది తక్కువ. ఆయన అన్నీ సర్దుకుని బండి స్టార్టు చేసే వేళకు మాత్రం ఏదో ఒక పని కల్పించుకుని అటు పోతాను. ఇంజను రెండు దగ్గులు దగ్గి, ఒక గుక్క నల్లపొగ వదిలి అందుకునేటప్పుడు, డీజిలు వాసనా ఎండకు మగ్గిన తోతాపురి కాయల సొన వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి. విడివిడిగా వస్తే ఆ రెండూ నన్నేమీ చెయ్యవు. బంకులో ఎంతసేపు నిలబడినా ఏమీ కాదు, పండ్ల అంగట్లో నిలబడినా ఏమీ కాదు. రెండూ కలిసి వచ్చాయంటే మాత్రం, నేను బడిలో పాఠాలు చెప్పే మనిషినన్న సంగతీ, ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానన్న సంగతీ మరిచిపోయి, బంగారుపాళ్యం పక్కన ఒక చిన్న ఊళ్ళో రెండు జడలు వేసుకుని కాయల కుప్ప మీద కూర్చున్న పిల్లనైపోతాను. పాలు పొంగించినందుకు మా అమ్మ చేత తిట్లు ఇప్పటికీ తింటూనే ఉన్నాను.

మా నాయనకు అప్పట్లో ఒక పికప్పు బండి ఉండేది. అది కొత్తగా ఉన్నప్పుడు ఎవరు చూశారో మాకు తెలియదు. ఆఖరి యజమాని సత్యవేడు మనిషి. కూరగాయలు వేసి మద్రాసు మార్కెట్టుకు తిప్పీ తిప్పీ, ఇక ఇది లాగదని గట్టి నమ్మకం కుదిరాక మా నాయనకు అంటగట్టాడు. నీలం రంగు వెలిసిపోయి, ఎక్కడ గీకితే అక్కడ లోపలి నుంచి ఇంకో రంగు బయటపడేది. వెనక తలుపు మీద అరవంలో ఏదో రాసి ఉండేది. మా ఊళ్ళో అరవం మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు గాని మా ఇంట్లో చదివేవాళ్ళు లేరు. అది సుబ్రహ్మణ్యస్వామి పేరే అయి ఉంటుందని మా అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, ప్రతి శుక్రవారం ఆ అక్షరాల మీద పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేది. కొన్నేళ్ళ తర్వాత ఒక లారీ డ్రైవరు చదివి, అది 'హారన్ కొట్టు' అని చెప్పాడు. అయినా అవ్వ మానలేదు. ఇన్నాళ్ళు పెట్టిన బొట్టు ఇప్పుడు ఆపితే దోషమని ఆమె వాదన.

బండి తిరిగే కాలం, బండి నిలబడే కాలం అని మా ఇంట్లో ఏడాదికి రెండే ఋతువులు. తిరిగేది మామిడికాలం. తోటల్లో కోసిన కాయలను రోడ్డు పక్కనున్న గుజ్జు ఫ్యాక్టరీలకు తోలడమే నాయన పని. ఆ కొన్ని వారాల బాడుగలతోనే మాకు ఏడాది తిండి. తక్కిన రోజుల్లో ఎప్పుడన్నా పలమనేరుకు టమోటా బుట్టలో, ఎవరింటి పెళ్ళికో వంటసామాన్లో దొరికేవి. వానలు పట్టుకున్నాయంటే బండి మా ఇంటి ముందరి చింతచెట్టు కింద నిలిచిపోయేది, అప్పుడది పిల్లల సొత్తు. నేను డ్రైవరుని, పక్కింటి పిల్ల కండక్టరు, కానుగాకులు టిక్కెట్లు. సీటు చినిగి లోపలి కొబ్బరిపీచు తొడలకు గుచ్చుకునేది. సీటు కింద మా కోడి గుడ్లు పెట్టేది, వాటిని వెతుక్కుంటూ అవ్వ వస్తే ఆమెకు కూడా టిక్కెట్టు కొట్టేవాళ్ళం. బయట వాన పడుతుంటే అద్దాలు ఎక్కించుకుని, ఉడకబెట్టిన చెనక్కాయలు ఒలుచుకు తింటూ, చిత్తూరు, కాణిపాకం, మద్రాసు, ఎక్కడికంటే అక్కడికి పోయేవాళ్ళం. మధ్యాహ్నం అమ్మ గడపలో నిలబడి సంగటి చల్లారిపోతుందని కేకేసేదాకా మా బస్సుకు స్టాపింగు లేదు.

నాయన బండిని ఏ రోజూ ఊరికే వదిలేవాడు కాదు. కదిలినా కదలకపోయినా పొద్దున్నే కాఫీ తాగే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంగి చూసి, బానెట్టు మీద అరచెయ్యి వేసి ఒక నిమిషం నిలబడేవాడు. భుజం మీద ఎప్పుడూ ఒక మసిగుడ్డ. అన్నానికి కూర్చునే ముందు చేతులను బూడిదతో ఒకసారి, సీకాయతో ఒకసారి రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. మొదటి ముద్ద నాకు పెట్టడం ఆయన అలవాటు. రాగిసంగటి ముద్దను ఊరిబిండి పచ్చడిలో అద్ది నా నోటికి అందించేటప్పుడు దానిలో సన్నగా డీజిలు వాసన తగిలేది. సంగటి వాసనే అంత అని చాలా ఏళ్ళు అనుకున్నాను. బయట ఎక్కడ సంగటి తిన్నా ఏదో తక్కువైనట్టు ఉండేది.

ఒక ఏడు వానలు తెరిపివ్వకుండా కురిశాయి. బండి చెట్టు కింద నెలల తరబడి కదలకుండా ఉండిపోయింది. ఎండలు మొదలయ్యాక నాయన తాళం తిప్పితే స్టార్టయింది గాని, ఊరు దాటి రెండు మలుపులు తిరిగేసరికి గుక్క పట్టినట్టయి ఆగిపోయింది. కాసేపు రోడ్డు పక్కన ఊరుకుంటే మళ్ళీ లేచేది, మళ్ళీ రెండు మలుపులకు ఆగేది. అలిగిన అల్లుడు కూడా ఇన్నిసార్లు అలగడని అవ్వ విసుక్కుంది. టౌనులో మెకానిక్కు బానెట్టు ఎత్తకుండానే, ట్యాంకు మార్చాలి, పంపు మార్చాలి, పైపులన్నీ మార్చాలని, హోటల్లో టిఫిన్లు చెప్పినంత సులువుగా చెప్పేశాడు. ఆయన అడిగిన సొమ్ముకు అలాంటిదే ఇంకో పాతబండి వస్తుంది.

మా మేనమామ అప్పటికే బెంగుళూరులో ఎవరిదో కారు నడుపుతున్నాడు. తెలిసినవాళ్ళింట్లో డ్రైవరు పని ఖాళీగా ఉందని కబురు పంపాడు. ఆ రోజు అన్నం తింటూ నాయన, ఎవరితో అన్నట్టూ కాకుండా, "గంగమ్మ జాతర లోపల బండి లేస్తే సరి. ల్యాకుంటే పాత ఇనప సామాన్లకు తోసేసి బెంగుళూరికి పోతా" అన్నాడు. ఆయన వద్దంటున్నా అమ్మ పళ్ళెంలో ఇంకో ముద్ద వేసింది.

నాకు భయం పట్టుకుంది. మా తరగతిలో సగంమంది పిల్లల నాయనలు బెంగుళూరులో ఉండేవాళ్ళు. వాళ్ళు జాతరకు వచ్చేవాళ్ళు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్రీము బిస్కట్లు, ప్లాస్టిక్ బొమ్మలు తెచ్చేవాళ్ళు. సొంత ఇంట్లోనే చాప మీద చుట్టాల్లాగా కూర్చునేవాళ్ళు. పిల్లలు మొదటి రోజు తలుపు చాటున నిలబడి చూసేవాళ్ళు, రెండో రోజు దగ్గరికి పోయేవాళ్ళు, సరిగ్గా ఒడిలో ఎక్కి కూర్చునే వేళకు ఆ నాయనలు బస్సెక్కేసేవాళ్ళు. అంతకు ముందు ఆ బిస్కట్లను చూసి నాకు అసూయ కలిగేది. ఇప్పుడు ఆ పొట్లాలు కనపడితే ముఖం తిప్పుకుని పోయేదాన్ని. పొద్దున లేవగానే బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడే మనిషి లేని వాకిలి ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

మా నాయన మెకానిక్కు కాదు. చెడగొట్టి నేర్చుకునే రకం. మొదట పంపు మీద అనుమానపడి దాన్ని విప్పి, లోపలి స్ప్రింగు ఎగిరి పేడదిబ్బలో పడితే ఒక పూటంతా పేడ జల్లెడ పట్టాడు. పంపులో ఏ లోపమూ లేదు. తర్వాత ఎండకు పగిలిన రబ్బరు పైపు ఒకటి కనపడింది. డీజిలు బయటికి కారకపోయినా గాలి లోపలికి పీలుస్తుందని దాన్ని మార్చాడు. కొంత గుణం కనిపించింది, అంతే. అప్పుడు ఆయనకొక ఆలోచన వచ్చింది. మేస్త్రీలు గోడమట్టం చూడ్డానికి నీళ్ళు పోసి పట్టుకునే పొడుగాటి ట్యూబు ఉంటుంది, లోపలున్నది అద్దంలోంచి చూసినట్టు కనపడుతుంది. ఊళ్ళో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి అది తెచ్చాడు. ఒక ప్లాస్టిక్ క్యాను నిండా డీజిలు పోసి, దాన్ని క్యాబిను నెత్తిన తాళ్ళతో కట్టి, ఆ ట్యూబును కిందికి వదిలి, ట్యాంకుతో పని లేకుండా నేరుగా ఇంజనుకు కలిపాడు.

బండి ఊరు దాటింది, మలుపులు దాటింది, రోడ్డు దాకా పోయి తిరిగి వచ్చింది. నెత్తిన క్యానుతో, మెడలో ట్యూబుతో అది ఊళ్ళోకి వస్తుంటే అరుగుల మీద వాళ్ళకు వేరే కాలక్షేపం అక్కర్లేకపోయింది. "ఏమప్పా, బండికి గులుకోజు ఎక్కిస్తా ఉండావా? పథ్యం ఏమన్నా సెప్పినారా డాక్టర్లు?" అని ఒకాయన అడిగితే నాయన కూడా నవ్వేశాడు. ఆయనకు కావలసింది తెలిసిపోయింది. ఇంజనుకు జబ్బు లేదు, ఉన్నదంతా ట్యాంకులోనే. అయితే క్యానులో పట్టేది కాస్త, కాయల లోడుతో దాన్ని నెత్తిన పెట్టుకుని ఎంతదూరమని తిరుగుతాం? ట్యాంకు దించక తప్పలేదు.

దించి, మూతి దగ్గర టార్చి వేసి నన్ను కూడా చూడమన్నాడు. లోపల చింతగింజల పొట్టు పోసినట్టు తుప్పు రేకులు. బండి నడిచేటప్పుడు అవి పైపు మూతికి అతుక్కుని దారి మూసేవి, ఆగితే కిందికి రాలిపోయేవి. రెండు మలుపుల రహస్యం అదీ.

తుప్పు దించడానికి ఏదో మందు అమ్ముతారట, దాన్ని కొనే ఊసే మా ఇంట్లో రాలేదు. ఇత్తడి చెంబుకు వాడేది ఇనప ట్యాంకుకు పనికిరాదా అని అవ్వ అటక మీద నుంచి జాడీ దింపింది. ఎన్నో ఏళ్ళ నాటి చింతపండు, నల్లగా తారులాగా అయిపోయి ఉంది. ఇది పనిచేస్తుందా అని నాయన అనుమానంగా చూస్తే, "సింత సచ్చినా పులుపు సావదులేరా" అని ముద్దలు ముద్దలుగా తీసి ఇచ్చింది. పెళ్ళిళ్ళకు నీళ్ళు కాచే అండాలో దాన్ని ఉడకబెట్టారు. వాకిలంతా పులుసు వాసన. ఏటి నుంచి గులకరాళ్ళు తెచ్చి కడిగి ట్యాంకులో వేసి, ఆ వేడి పులుసు పోసి, మూతికి గుడ్డ బిగించి, గోనెపట్టల మీద అడ్డంగా పడుకోబెట్టి, అటు నాయన, ఇటు అమ్మ కూర్చుని దొర్లించడం మొదలుపెట్టారు.

నా చిన్నతనంలోంచి ఎవరన్నా ఒక్క పూట మాత్రం వెనక్కి తెచ్చిస్తామని అంటే, నేను అడిగేది ఆ పూటనే. చింతచెట్టు నీడ వాకిలి సగానికి పరుచుకుని ఉంది. నాయన తోస్తే ట్యాంకు గళగళమంటూ అమ్మ వైపు పోయేది, అమ్మ తోస్తే నాయన వైపు వచ్చేది. అమ్మ కొంగు నడుముకు దోపుకుని, చెమటకు నుదుటి బొట్టు కరిగి ముక్కు మీదికి జారుతుంటే తుడుచుకోవడానికి కూడా తీరిక లేకుండా తోసేది. ఒకసారి గుడ్డ ఊడి పులుసు నాయన పంచె మీద చిమ్మింది. "అన్నంలోకి పోసుకోండి, ఉప్పేస్తా" అంది అమ్మ. నాయన పడీపడీ నవ్వాడు, అమ్మ ట్యాంకు మీద వాలిపోయి నవ్వింది, అవ్వ ఏమైందో తెలియకుండానే నవ్వింది. మా అమ్మానాయనలు చెడ్డగా ఉండేవాళ్ళు కాదు, కానీ పనులు, పైకం, వానలు, వీటి మధ్య ఒకరి ముఖం ఒకరు చూసి అట్లా నవ్వడం నాకు కొత్త. పొద్దు గూకేదాకా వాళ్ళు దొర్లిస్తూనే ఉంటే బాగుండుననిపించింది. బయటికి వచ్చిన నీళ్ళు మొదట కాఫీ రంగులో, తర్వాత ఎర్రమన్ను రంగులో, చివరికి తేటగా వచ్చాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, తుప్పు పోయాక అది ఇన్నాళ్ళు మూసిపెట్టిన చిల్లులు బయటపడ్డాయి. ట్యాంకును ఎండబెట్టి డీజిలు పోసి చూస్తే అడుగున మూడు నాలుగు చోట్ల చెమట పట్టినట్టు ఊరుతోంది. బట్టల సబ్బు డీజిలుకు కరగదని ఎవరో లారీవాళ్ళు చెప్పగా నాయన విని ఉన్నాడు. అమ్మ సబ్బుబిళ్ళ అడిగి తీసుకుని, గుడ్డపీలికలతో కలిపి రొట్టెపిండిలాగా పిసికి, చిల్లుల్లోకి బొటనవేలితో కూరి, పైన లీకులు మూసే నల్లటి సీలుముద్ద పులిమాడు. ఇక డీజిలు వడగట్టడానికి పల్చటి గుడ్డ కావాల్సి వచ్చింది. "నా పెండ్లి సీర తప్ప యాదన్నా తీసుకోపో" అని అమ్మ పెట్టె చూపించింది. ఆయన వెతికి వెతికి, బాగా నలిగి దోమతెరలా అయిపోయిన వాయిలు చీర ఒకటి తీసుకుని, డీజిలు పోసే గరాటుకు నాలుగు మడతలు కట్టాడు. నీలం పూల చీర. దాన్ని కట్టుకున్న అమ్మ చంక మీద నేను తిరిగిన రోజులు నాకు కొద్దిగా జ్ఞాపకం.

ట్యాంకు బిగించాక ఆఖరి పని గాలి తీయడం. పైపుల్లో గాలి ఉంటే డీజిలు ఇంజను ఎంత తిప్పినా లేవదు. పంపు పక్కన చేత్తో నొక్కే ఒక మీట ఉంటుంది. దాన్ని ఆపకుండా నొక్కుతుంటే, వదులు చేసిన స్క్రూ దగ్గర మొదట నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత నిండు డీజిలు వస్తాయి. నాయన స్క్రూ పట్టుకుంటే నొక్కే పని అమ్మది. ఏళ్ళ తరబడి సంగటి కెలికిన చెయ్యి, అలసట అన్నది దానికి తెలియదు. బుడగలు ఆగాయి, స్క్రూ బిగిసింది, నాయన ఎక్కి తాళం తిప్పాడు. బండి లేచింది. ఊరు చుట్టూ తిరిగింది, బంగారుపాళ్యం పోయి వచ్చింది, ఎక్కడా ఆగలేదు. వచ్చాక ఇంజను ఆపి కూడా ఆయన దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. నేను ఎక్కి పక్కన కూర్చున్నాను. నాకైతే ఏడుపొచ్చింది.

జాతర వచ్చింది. గంగమ్మకు అంబలి పోశారు, వీధులన్నీ వేపాకు, పసుపు, ఉల్లిపాయలు కలిసిన వాసన. పిల్లలకు ఒంటినిండా చందనం, చేతుల్లో వేపమండలు. మా తరగతి పిల్లల నాయనలు బిస్కట్లతో దిగారు. నేను మా నాయన భుజం మీద కూర్చుని గంగమ్మను చూశాను. ఆ వారంలోనే తోటల్లో కోత మొదలై, మాకు మొదటి లోడు పడింది. అది వేళకు ఫ్యాక్టరీలో దిగితే ఆ తోట ఆసామి సీజనంతా మాకే తోలకమిస్తానన్నాడు, లేకుంటే వేరే బండి చూసుకుంటానన్నాడు. బెంగుళూరు పని ఇంకా అట్లాగే ఖాళీగా ఉందని మామ ఇంకోసారి కబురు చేశాడు.

బయలుదేరేటప్పుడు అవ్వ బండి చుట్టూ మూడుసార్లు తిరిగింది. చేతిలో చెంబు, చెంబులో గంగమ్మ దగ్గర నుంచి తెచ్చిన పసుపునీళ్ళు. చక్రాల మీద చల్లింది, బానెట్టు మీద చల్లింది, హారన్ కొట్టమనే ఆ దేవుడి మీద కూడా చల్లింది. నాయన తాళ్ళు బిగిస్తున్నాడు, నన్ను వెంటేసుకుని తనూ బయలుదేరుతున్న అమ్మ మధ్యాహ్నానికి మూట కడుతోంది. అంతకు మించి ఎవరమూ చూడలేదు.

మా వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు నిలబడే వరస చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. ట్రాక్టర్లు, వ్యాన్లు, లారీలు రోడ్డు వెంట కనుచూపు మేర. వాటి కింద నీడలో పడుకున్న డ్రైవర్లు, టీ క్యాన్లతో తిరిగే పిల్లలు, మురుకులమ్మే అరవ ఆడవాళ్ళు, ఫ్యాక్టరీ వెనక కుప్పపడ్డ తొక్కల పుల్లటి వాసన, ఈగలు. ముందు బండి నాలుగడుగులు కదిలితే వెనకదీ నాలుగడుగులు కదలాలి. ఆ వరసకు ఒక కట్టుబాటు ఉంది. నీ ముందు ఖాళీ వచ్చినప్పుడు నువ్వు కదలలేకపోతే, వెనకవాళ్ళు నిన్ను దాటుకుని పోవచ్చు. తప్పు పట్టేవాళ్ళు లేరు. ఎండలో కాయలు ఎవరివైనా మెత్తబడతాయి, మెత్తబడితే ఫ్యాక్టరీ తోసేస్తుంది.

గేటు కనపడేంత దగ్గరికి వచ్చాక మా ముందు ఖాళీ వచ్చింది. నాయన తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి అందుకుని, గుక్కపట్టి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నాయన ముఖం చూసి నేను కాయల మీద నుంచి దిగి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. నా మనసులో బెంగుళూరు బస్సు అప్పటికే మా ఊరి రోడ్డు మీద వచ్చి ఆగింది.

మా వెనక ఒక అరవాయన లారీ ఉంది. మమ్మల్ని దాటుకుని పోయే హక్కు మొదట ఆయనది. ఆయన దాటలేదు. లారీని కాస్త అడ్డంగా తిప్పి ఆపి, దాని వెనకవాళ్ళకు కూడా దారి లేకుండా చేసి, కిందికి దిగి బీడీ ముట్టించాడు. అరుస్తున్నవాళ్ళతో, "ఇరుప్పా, ఉండు. కొంచెం సేపట్లో నీ కాయలేం పండిపోవు" అన్నాడు. మా బండి వెనక రాసింది చదివి చెప్పింది కూడా ఆ రోజు ఆయనే.

నాయన బండి కిందికి దూరి, ఫిల్టరు అడుగున ఉండే చిన్న బిరడా వదులు చేసి, నేను మంచినీళ్ళు తెచ్చుకున్న సీసాలోకి పట్టాడు. పైకి ఎత్తి ఎండలో చూశాడు. పైన డీజిలు తేలి నిలిచింది. కింద వేలెడు మందం పసుపునీళ్ళు. అడుగున పసుపు మడ్డి. అమ్మ సీసా అందుకుని వాసన చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జబ్బు మనిషికి తీర్థం నోట్లో పోస్తారు గదా. అవ్వ మా బండికి నోరెక్కడో వెతికి, ట్యాంకు మూత తీసి, చెంబులో మిగిలినవన్నీ దానికి పట్టించింది. అది జబ్బుపడి లేచింది, దానికి ఇంత చెయ్యకపోతే ఎట్లా అనుకుని ఉంటుంది.

నాయనకు మొదట కోపమే వచ్చింది. దవడ బిగుసుకోవడం నేను చూశాను. సీసాను ఇంకోసారి చూశాడు, అప్పుడు మెల్లగా నవ్వాడు. "ఇంట్లో సెప్పబాకండి. మా అమ్మకు తెలిస్తే అన్నం తినదు" అన్నాడు. నీళ్ళన్నీ పోయేదాకా వంచేసి, బిరడా బిగించి, స్క్రూ వదులు చేశాడు. అమ్మ రోడ్డు మీదనే, అంతమంది మగవాళ్ళ మధ్య, బానెట్టు మీదికి వంగి మీట నొక్కింది. నురగ, బుడగలు, ఆ తర్వాత నిండు డీజిలు. ఈలోగా బ్యాటరీ నీరసించిపోయింది. అరవాయన బీడీ పారేసి చొక్కా చేతులు మడిచాడు. ఇంతసేపు అరిచినవాళ్ళు కూడా వచ్చారు. పదిమంది కలిసి తోశారు. బండి దగ్గి, పొగ వదిలి, లేచి, దాని కాళ్ళ మీద అది గేటులోకి పోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే అవ్వ వాకిట్లోకి ఎదురొచ్చి, "యాడన్నా నిలిసిందా అబ్బోడా?" అంది. "యాడా నిల్సలేదుమా. నీ నీళ్ళు పట్టినాక ఇంక నిలుస్తాదా" అన్నాడు నాయన. అవ్వ ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. మరుసటేడు జాతర తర్వాత ఆమె చెంబుతో రాగానే నాయన పరుగెత్తుకుపోయి, అది నోరు కాదని, బండికి అసలు నోరు ఇదని చెప్పి, రేడియేటరు మూత తీసి చూపించాడు. అక్కడ ఎటూ నీళ్ళే పొయ్యాలి. ఆ తర్వాత ప్రతి ఏడూ గంగమ్మ పసుపునీళ్ళు రేడియేటరులోకి పోయాయి. మా బండికి తన చలవ ఉందన్న నమ్మకంతోనే అవ్వ పోయింది.

నాయన ఆ ఏడు బెంగుళూరు పోలేదు, ఆ మరుసటేడూ పోలేదు. ప్రతి వానాకాలం తర్వాత ట్యాంకు దిగేది, చింతపండు ఉడికేది. బండి బాగున్నంత కాలం నాయన ఇంట్లోనే ఉంటాడని నేను లెక్క వేసుకున్నాను. దాని శబ్దంలో కాస్త తేడా వచ్చినా నాకు నిద్ర పట్టేది కాదు. నేను పది పాసై తిరుపతిలో హాస్టలులో చేరే ఏడు, అప్పులిచ్చి అమ్మే కొత్త బండ్లు ఊరికి పది వచ్చిపడ్డాయి. తోటలవాళ్ళు వాళ్ళకే ఫోన్లు చేసుకున్నారు. మామిడికాలం అయిపోయేసరికి నా చదువుకు సరిపోయేంత మిగలలేదు. నాయన బండిని పలమనేరులో పాలు తోలే ఒకాయనకు ఇచ్చేశాడు. ఆ కొన్నాయన తాళం తిప్పితే మొదటిసారికే లేచింది. దానికి ఏ జబ్బూ లేదు. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. ఆ వారంలోనే నాయన బెంగుళూరు బస్సెక్కాడు. బండి చెడితే వెళ్ళిపోతాడని భయపడ్డానే గాని, నా కోసం వెళ్ళిపోతాడని అనుకోలేదు. ఆ దుఃఖం నాకు ఇవాళ్టికీ తీరలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్టు పోయింది, ఇల్లు కొంత పోయింది, మిగిలింది మేమే అమ్మేశాం. ఫ్యాక్టరీల ముందు వరసలు ఇప్పటికీ ఉన్నాయి, ఇంకా పొడుగ్గా ఉన్నాయి, కానీ అందులో దిగి ఇంకొకరి బండి తోసేవాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలియదు. అమ్మ నా దగ్గరే ఉంది. నాయన బెంగుళూరులో ఒక బడి వ్యాను నడుపుతున్నాడు. వచ్చేయమని నేను అడిగినప్పుడల్లా, ఈ ఒక్క ఏడు పోనీ అంటాడు. అక్కడ గది ఉంది, తోటి డ్రైవర్లు ఉన్నారు, అలవాటు పడ్డ టీకొట్టు ఉంది. పండక్కి వస్తాడు. ఫ్యాను వేసుకోవాలన్నా మమ్మల్ని అడిగి వేసుకుంటాడు.

ఆయనకోసం పడకగది బీరువాలో ఒక అర ఖాళీ చేసి పెట్టాను. వచ్చిన ప్రతిసారీ చూపిస్తాను. "రెండు దినాలకు అర యెందుకుమా" అని బట్టలు సంచిలోనే ఉంచుకుంటాడు. పోయినసారి ఆయన బస్సెక్కిన మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి, ఊరికే ఖాళీగా ఉంది గదా అని అమ్మ ఆ అరలో దుప్పట్లు సర్దేసింది. అమ్మ వంటింట్లోకి పోయాక వాటన్నిటినీ తీసి మంచం కింద పెట్టాను.